పేరిశాస్త్రి ముక్కు

అంబాజీపేట చుట్టుపక్కల ఎవరింట్లో ఆబ్దికమైనా, తెల్లవారేసరికి వంటకొచ్చిన పేరిశాస్త్రి సైకిలు గుమ్మం ముందుంటుంది. హ్యాండిలుకు మడిబట్టల సంచీ, వెనక తాడుతో కట్టిన పొడవాటి ఇత్తడి గరిటె. పితృదేవతల స్థానంలో కూర్చునే భోక్తలు తినకముందు వంట రుచి చూస్తే ఎంగిలవుతుంది. అందుకని ఆయన మూత తీసి, ఆవిరిని అరచేత్తో ముక్కువైపు తోసుకుని, కళ్లు మూసుకుని, "సరిపోయిందండి" అంటాడు. ఆ ముక్కు ఏనాడూ అబద్ధమాడలేదు. కిందటి వానల్లో కాలవగట్టు మీద సైకిలు జారి, తల రాయికి కొట్టుకుంది. గాయం మానింది గాని వాసనలు తిరిగి రాలేదు. ఆ సంగతి భార్య అమ్మణ్ణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకి ఇంకో పని చేతకాదు.

మొన్న ముక్కామలలోనూ అలాగే ఆవిరి తోసుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, సరిపోయిందన్నాడు. వడ్డన అయ్యాక చూస్తే పరమాన్నం గిన్నె అడుగంతా నల్లగా మాడిపోయి ఉంది. ఆబ్దికం భోజనానికి వంక పెట్టకూడదు గనక, భోక్తలు తలొంచుకుని తిన్నారు. "తృప్తయిందాండీ?" అని యజమాని అడిగితే, తలెత్తకుండానే "అయిందండి" అన్నారు. యజమాని భార్య మాత్రం గిన్నె వైపోసారి చూసి మొహం తిప్పుకుంది. పేరిశాస్త్రి ఆ మాడు తనే గీకి, గిన్నె తోమి పెట్టాడు. వచ్చేటప్పుడు సైకిలెక్కలేదు, దారంతా నడిపించుకుంటూనే వచ్చాడు. ఇంటికి రాగానే పైపంచె తీసి భార్య చేతికిచ్చాడు.

"మాడు వాసనేమైనా వస్తోందేమో చూడవే."

అమ్మణ్ణి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నెయ్యి వాసనేనండి" అంది, భోక్తల్లాగే తలొంచుకుని.