మా ఇంటికొచ్చిన సైనికుడి కడుపుమంట

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చేనాటికి మా స్కూలుకి వేసవి సెలవులు. నేను అక్కడి ఇండియన్ స్కూల్లో బయాలజీ టీచర్‌ని. విరిగిన కవాటం అతికిద్దామని ప్లాస్టిక్ గుండె నమూనాని రిగ్గైలోని మా ఫ్లాటుకి తెచ్చుకున్నాను. అతికించేలోపే ప్రభుత్వం మారిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇల్లు సోదా చెయ్యడానికి ఒక సైనికుడు వచ్చాడు. నెరిసిన మీసం, చొక్కాకి ఒక గుండీ లేదు. నాకూ మావారికీ అరబ్బీ అంతంత మాత్రం. అందుకని ఆయన ఎదురింటి కడప డ్రైవర్‌ని పిలుచుకొచ్చారు. అతనికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి వెళ్లిపోవడంతో అతను ఖాళీగానే ఉన్నాడు.

సైనికుడు అల్మరాలోని అట్టపెట్టె తెరిచాడు. గుండె బయటపడింది.

“ఇదేందని అడగతాండాడు మేడమ్.”

“పిల్లలకి పాఠం చెప్పే బొమ్మ అని చెప్పు.”

సైనికుడు కర్ణికల్ని, జఠరికల్ని విడదీసి, లోపల ఏమీ లేదని నిర్ధారించుకున్నాడు. ఆ సమయంలో నా గుండె నేను క్లాసులో చెప్పే వేగానికి రెట్టింపు కొట్టుకుంది. తర్వాత అతను పొట్ట మీద చెయ్యేసుకుని ఏదో అన్నాడు.

“మీరు డాక్టరమ్మ అనుకుంటాండాడు. కడుపులో మంటంట. దినామూ ఎండురొట్టె గబగబా మింగేదంట.”

నేను డాక్టర్‌ని కాదని చెప్పించాను. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇక తప్పక జీర్ణక్రియ మొదలుపెట్టాను. లాలాజలంలోని ఎంజైము నోట్లోనే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం మొదలుపెడుతుందని, నమలకుండా మింగితే ఆ పనంతా కిందున్న పేగుల మీద పడుతుందని, ఖాళీ కడుపులో ఆమ్లం ఊరితే మండుతుందని తొమ్మిదో తరగతికి చెప్పినంత వివరంగా చెప్పాను. అంతా విని డ్రైవర్ అరబ్బీలో రెండు ముక్కలన్నాడు.

“ఏం చెప్పావు?”

“మెల్లగా నమలమన్న్యా.”

మావారు వంటింట్లోంచి ఖుబ్జ్ రొట్టె ముక్క తెచ్చిచ్చారు. సైనికుడు నమిలాడు. మేం నిలబడి చూశాం. మింగబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆగాడు. క్లాసులో నా మాట అంత వెంటనే విన్నవాళ్లు తక్కువ.

“హిలూ,” అన్నాడు చివరికి. తియ్యగా ఉందని.

తన కూతురు కూడా టీచరేనని చెప్పాడు. అతని మీద నాకు జాలి కలిగింది. అలా కలగడం నాకు నచ్చలేదు. అతను లేచి, గుండెని పెట్టెలో జాగ్రత్తగా సర్ది, మా కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరగడం మావారు కిటికీలోంచి చూశారు.

“నయమైనట్టుంది,” అన్నారు.

తర్వాత కొన్నాళ్లకి మేమిద్దరం, డ్రైవరూ బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కణ్నుంచి బొంబాయి విమానం ఎక్కాం. అతని పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. ఎంబసీ ఇచ్చిన కాగితంతో సరిహద్దులు దాటాడు. బొంబాయిలో విడిపోయేటప్పుడు అడిగాడు.

“అంతా సర్దుకుంటే మల్ల పోతారా మేడమ్?”

“తెలీదు. నువ్వో?”

“పోవల్ల. నా గుడ్డలన్నీ ఆడనే ఉండాయి.”