గంజి చీర కట్టి విమానమెక్కిన రోజు

విమానం ఎక్కబోతున్నామని ఎవరైనా నా చెవిన వేస్తే నేను ఊరుకోలేను. అడగకపోయినా సలహాలు చెప్తాను. బయలుదేరే ముందు శనగపిండి వంటలు తినకండి, పైకి పోయాక కడుపు ఉబ్బుతుంది. బిగుతు చెప్పులు వద్దు, కాళ్లు వాస్తాయి. దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, బిళ్ల ఏదైనా చప్పరించండి, లేదంటే ఊరికే గుటకలు మింగండి. కిటికీ పక్క సీటు దొరికితే ఎవరికీ ఇవ్వకండి, కట్టుకున్నవాడికైనా సరే. అన్నిటికంటే ముఖ్యం, గంజి పెట్టిన బట్ట కట్టుకోకండి. ఈ చివరి మాటకు అందరూ నవ్వుతారు. నవ్వనీ. మా అమ్మ చీరను వాళ్లు చూడలేదు కదా.

మాది నల్లగొండ దగ్గర, పానగల్ దాటాక వచ్చే ఒక నేతవాళ్ల వాడ. నేను చెప్పేది అరవైల మొదట్లో సంగతి. బాపు గుంట మగ్గం మీద నేసేవాడు. అమ్మ చిటికి కట్టేది. అంటే నేయకముందే దారాలకు అక్కడక్కడ ముడులు బిగించి రంగులో ముంచేది. ముడి ఉన్నచోట రంగు అంటదు కాబట్టి పువ్వులూ చిలుకలూ దారంలోనే తయారై మగ్గం ఎక్కేవి. నేను నేతకు కావాల్సిన దారాన్ని కండెలకు చుట్టేదాన్ని. అప్పుడే పదో తరగతి పాసయ్యాను, ఆ గర్వం కొంచెం తలకెక్కి ఉంది.

అమ్మ పుట్టిల్లు అచ్చంపేట. అక్కడి తాత చీరల మూట భుజాన వేసుకుని నల్లమల లోపలి పెంటలకు, అంటే అడవి గూడేలకు, తిరిగేవాడు. బట్ట ఇచ్చి తేనె, జిగురు, కుంకుడుకాయలు తెచ్చేవాడు. చిన్నప్పుడు అమ్మ కూడా వెంట పోయేది. ఆ అడవి గురించి ఆమె నోటినుంచి వినాలి. ఉమామహేశ్వరంలో బండలోంచి చుక్క చుక్కగా కారే చల్లటి నీళ్లు, మల్లెల తీర్థంలో మెట్ల కింద ఎక్కడో వినబడే నీటి హోరు, దగ్గరికి పోతే ముఖం మీద పడే తుంపర. నల్లమల చూడాలనుకునే వాళ్లకు ఇప్పటికీ నేను అమ్మ మాటే చెప్తాను. ఎండాకాలం పోకండి, బండలు కాలుతాయి. వానలు వెనకబట్టాక, బతుకమ్మ పువ్వు పూసే రోజుల్లో పోండి. నీళ్లు ఉంటాయి, ఆకు ఉంటుంది, ఆకాశం కడిగినట్టు ఉంటుంది.

అమ్మ చెప్పిన ఈ ముచ్చట్లను మా వాడలో అందరూ నమ్మారు. నమ్మనిది ఒక్కటే. తాతతో ఒకసారి అడవిలో చాలాదూరం పోయి, ఒక గుట్ట కొనమీద నిలబడి అమ్మ కిందికి చూసిందట. లోయలో కృష్ణ. అది ముందుకు పోతూ పోతూ ఒక పెద్ద గుట్ట చుట్టూ తిరిగి, మళ్లీ వచ్చిన దిక్కుకే మళ్లిందట. రెండు పాయలకూ నడుమ సన్నటి గుట్టంచు మాత్రమే మిగిలిందట.

"నది అన్నంక ముంగటికి పోతది గని ఎనుకకు వస్తదా?" అనేవాడు బాపు. మా అవ్వ, అంటే బాపు తల్లి, అందుకునేది. "అమ్మగారింటి ముచ్చట గదా బిడ్డా, నది గూడ పోబుద్ధిగాక ఎనుకకు మళ్లింది." వాడంతా నవ్వేది. వాళ్లకు అది వేళాకోళం. అమ్మకు కాదు. మెల్లమెల్లగా ఆమె పుట్టింటి ముచ్చట్లే మానేసింది. మాటల్లో మానేసింది కానీ చేతుల్లో మానలేదు. ఆకుపచ్చ చీర మీద నీలి మెలిక ఒకటి చిటికి కట్టేది. వెనక్కి మళ్లే మెలిక. బాపు దాన్ని పిచ్చి మెలిక అంటూనే దారం తప్పకుండా నేసేవాడు. ఆ చీరలు బాగానే అమ్ముడుపోయేవి, అయినా పేరు మాత్రం మారలేదు. నాకు బాపు అంటే ప్రాణం. ఆ ఒక్క మాట అన్నప్పుడు మాత్రం ఒళ్లు మండేది.

అట్లాంటి రోజుల్లో మద్రాసులో చేనేత ప్రదర్శన పెట్టారు. నేసేవాళ్లు, చిటికి కట్టేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు వచ్చి జనం ముందర పని చేసి చూపించాలని మా సంఘానికి కబురు వచ్చింది. మా ఇంట్లో మూడు పనులూ ఉన్నాయి, పైగా నాకు హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చినట్టు కనబడటమూ వచ్చు. మగ్గం ముందుగానే రైల్లో పోయింది. మేము పోయే వేళకు వానలకు పట్టాలు కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. పిలిచినవాళ్లే విమానం టికెట్లు పంపారు. మా వాడలో ఎవరూ బస్సు పైకప్పు కంటే ఎత్తు ఎక్కి ఎరగరు. ఆ రోజు మా ఇంటిముందు పడుగు దారాలు సాగదీస్తున్న మనుషులు వాటిని అట్లాగే పట్టుకుని టికెట్ల గురించి మాట్లాడుకున్నారు.

మా వాడలో ఒక జీపు డ్రైవరు ఉండేవాడు. ఎవరో ఆఫీసరును బేగంపేటలో దింపి, కంచె బయట నిలబడి విమానం లేవడం చూశాడు. అంత అనుభవం ఉన్నవాడు ఇంకెవరూ లేరు కాబట్టి అందరం ఆయన చుట్టూ చేరాం.

"చెవులల్ల పత్తి పెట్టుకోండ్రి. నిమ్మకాయ వాసన జూడుండ్రి. కిందికి మాత్రం జూడకుండ్రి, కండ్లు తిరుగుతయి," అన్నాడు.

"కిందికి జూసుడే లేకుంటె ఎక్కుడెందుకన్నా?" అంది అమ్మ. అంతమందిలో ఆమె మాట్లాడటమే అరుదు. బాపు తలెత్తి చూశాడు.

నేను బడి పటం తెచ్చి హైదరాబాదుకూ మద్రాసుకూ నడుమ స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీశాను. గీత సరిగ్గా నల్లమల మీదుగా పోయింది, కృష్ణను దాటింది. అమ్మ ఆ గీతను చాలాసేపు చూసింది. ఆ గీతకు ఎడమపక్కన మా ఊరు, కుడిపక్కన అచ్చంపేట. ఎడమ దిక్కు కూర్చుని మన ఊరు చూద్దామన్నాడు బాపు.

"కుడి దిక్కే," అంది అమ్మ. "కిటికీ కాడ నేను కూసుంట. గా గుట్ట, గా నది నేను జూడాలె. లేకుంటె లేదని ఒప్పుకుంట, ఇగ జల్మల ఆ ముచ్చట ఎత్త."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకవేళ చిన్నపిల్ల కళ్లకు అట్లా కనబడిందేమో, నిజంగా అక్కడ మెలిక లేదేమో అని నాకు భయం. అమ్మ ఓడిపోతే చూడలేను.

ప్రయాణానికి ఏ చీర అంటే ఆ మెలిక చీరే. దాన్ని అవ్వ చేతిలో పెట్టడమే మేం చేసిన తప్పు. నేతవాళ్లింట్లో కొత్త చీర మెత్తగా వేలాడితే నేసినవాడికి తలవంపులని మా నమ్మకం. అవ్వ ఇంకో అడుగు ముందుకు వేసింది. "పైన గాలి శాన ఉంటది. చీర లేవకుంట గంజి గట్టిగుండాలె," అని, పడుగుకు పట్టించే చిక్కటి గంజిలో ముంచింది. ఆరాక చేత్తో తట్టి చూసి, తృప్తి పడక మళ్లీ ముంచింది. నేను ఆ చీరను గోడకు ఆనిస్తే అది దానంతట అదే నిలబడింది.

ముందురోజు బస్సులో హైదరాబాదు పోయి చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే బేగంపేట చేరాం. అమ్మ నడుస్తుంటే ఎండుటాకుల మీద నడుస్తున్న చప్పుడు. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు వెనక్కి తిరిగి చూశారు. నాకు సిగ్గేమీ వేయలేదు, విమానాన్ని చూడటానికే నా కళ్లు చాలడం లేదు. అంత దగ్గర, అంత తెల్లగా, ఎండలో మెరుస్తూ. బాపు దాని చక్రాన్ని చేత్తో ముట్టి చూడబోతే ఎవరో వద్దన్నారు.

ముందెక్కినవాళ్లకు నచ్చిన సీటు అన్నారు. అమ్మ అందరికంటే ముందు మెట్ల దగ్గర నిలబడింది. కానీ ఆ గంజి చీరలో మోకాళ్లు వంగితే కదా మెట్లెక్కడం. పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టే ఎక్కింది, ఈలోపు సగం మంది దాటిపోయారు. కుడిపక్కన ఒక కిటికీ మాత్రం మిగిలి ఉంది. అమ్మ ఆ సీట్లోకి దూరబోతే కుచ్చిళ్లు రెండు సీట్ల నడుమ అడ్డంగా పట్టుకున్నాయి. ముందుకు రాదు, వెనక్కి పోదు. వెనక జనం ఆగిపోయారు. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి నవ్వు ఆపుకుంటూ కుచ్చిళ్లు నొక్కి చూసింది, అవి మళ్లీ లేచాయి.

"జరుగు జర, నేను లోపటికి పోత. నువ్వు ఈ దిక్కు కూసో," అని బాపు కిటికీ పక్కకు పోయి కూర్చున్నాడు. ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు, జనం ఆగారని కంగారు. కానీ అమ్మ ముఖం వాడిపోయింది. ఇవతలి సీట్లో నిటారుగా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. నాకు నడవ అవతల ఎడమపక్క కిటికీ సీటు దొరికింది.

విమానం పరుగెత్తి నేలను వదిలినప్పటి సంగతి ఏమని చెప్పను. నాకు గట్టిగా నవ్వు వచ్చింది, ఆపినా ఆగలేదు. హుస్సేన్ సాగర్ ఒక పక్కకు ఒరిగింది. ఇళ్లు అయిపోయి చేన్లు మొదలయ్యాయి. "గళ్ల లుంగీ పరిచినట్టున్నది," అన్నాడు బాపు. ఎర్రనేల, నల్లబండలు, ఎటు చూసినా చెరువులు. మన ఊరు చూసి చెప్పమని బాపు నాకు పని పెట్టాడు. కనబడిన ప్రతి చెరువునూ పానగల్ చెరువే అని చెప్పాను. ఆయన ప్రతిసారీ సంతోషపడ్డాడు.

తరవాత చేన్లు పలచబడ్డాయి. "అడివి వచ్చింది," అన్నాడు. అమ్మ మెడ చాచింది, బాపు తలపాగా తప్ప ఏమీ కనబడలేదు. చెమటకు గంజి కరిగి చీర సీటుకు అంటుకుంది. లేవబోయింది, లేవలేకపోయింది.

"నది ఏమన్న..." అని అడిగింది.

"అంత పచ్చగనే ఉన్నది. ఇగో, మబ్బు గూడ వచ్చె."

నా కిటికీలో కూడా తెల్లటి మబ్బే. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు ఒళ్లోంచి తీయలేదు. విమానం వేగం నాకు ముందే తెలుసు, ఈ మబ్బు దాటేలోపు కృష్ణ కూడా దాటిపోతుంది. నాకు ఏడుపు వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత ఎత్తు ఎక్కి, ఒక గంజి చీర వల్ల పోగొట్టుకుంటామా అని.

ఎక్కినప్పటినుంచి నోరు మూయని బాపు అప్పుడు ఉన్నట్టుండి మాట ఆపేశాడు. అద్దానికి నుదురు ఆనించి కదలకుండా ఉండిపోయాడు. నేను బెల్టు విప్పుకుని నడవ దాటి వచ్చేసరికి ఇటు తిరిగాడు. అట్లాంటి ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"ఇటు రా, జల్ది," అన్నాడు అమ్మతో.

అమ్మ బెల్టు నేను విప్పాను. లేవడం ఆమె వల్ల కాదు. బాపు తన వీపును సీటుకు గట్టిగా ఆనించి, ఆమె భుజం పట్టుకుని తన మోకాళ్ల మీదుగా కిటికీ దగ్గరికి వంచాడు. నలుగురిలో ఆమె పక్కన నడవడానికే మొహమాటపడే మనిషి. కన్నకూతురి ముందు, అంతమంది ముందు, భార్య తలను రెండు చేతులా పట్టుకుని అద్దం దగ్గర పెట్టాడు. తర్వాత తన తలను కూడా ఆ పక్కనే ఆనించాడు. చీర మడతలు విరిగిన చప్పుడు విమానం మోతలో కూడా వినబడింది.

నాకు ఆ రోజు కృష్ణ కనబడలేదు. కోలగా ఉన్న ఆ చిన్న కిటికీ నిండా వాళ్లిద్దరి తలలే ఉన్నాయి. ఎట్లా ఉంది, ఎట్లా ఉంది అని నేను వెనకనుంచి గుంజుతూనే ఉన్నాను.

అప్పుడు బాపు గొంతు వినబడింది, మగ్గం దగ్గర ఎప్పుడూ మాట్లాడని మెల్లటి గొంతు.

"అప్పుడు నువ్వు ఏ గుట్ట మీద నిలవడ్డవు?"

అమ్మ అద్దం మీద వేలు పెట్టి చూపించింది. ఆయన ఆ వేలి వెంట చూశాడు. చూస్తూనే అడిగాడు.

"వాపసు రాంగనే నన్ను ఆడికి తోల్కపోతవా?"

"బండ్లు పోవు. నడవాలె," అంది అమ్మ.

"నడుస్త," అన్నాడు బాపు.