మాటల్లేని శనివారాలు

డెబ్భైల చివర్లో, నేను అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో చదువుకునేటప్పుడు, మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే డాక్టరుగారి భార్యని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఫోన్ మోగితే చాలు, ఏదో మాడిపోతున్నట్టు వంటింట్లోకి పరిగెత్తేవారు. అలాంటి మనిషి ప్రతి శనివారం పట్టుచీర కట్టుకుని, లైబ్రరీలో వేసే మూకీ సినిమాకి నన్ను డ్రైవ్ చేయమనేవారు.

అదంతా ఒక్క హీరోయిన్ కోసం. చెవుల దాకా కత్తిరించిన జుట్టు, పొట్టి గౌను, నడుం దాకా ముత్యాల దండ. ఆ దండని వేలికి చుట్టుకుంటూ ఆమె ఓరగా చూసేది. చీకట్లో నా పక్కన పిన్నిగారి వేలు కూడా నల్లపూసల గొలుసుని అలాగే చుట్టేది. తెరమీద అక్షరాలు పడ్డప్పుడు నేను తెలుగులో చెప్పబోతే, “ఉండవే, దాని కళ్లు చెప్పేశాయిగా!” అని విసుక్కునేవారు. నిజమే, నాకంటే ముందు ఆవిడే నవ్వేవారు.

ఒక శనివారం ఆ హీరోయిన్‌దే మొదటి మాటల సినిమా వేశారు. ఆమె దండ తిప్పుతూ ఏదో అంది. హాలంతా గొల్లుమంది. పిన్నిగారు అటూ ఇటూ చూశారు. వేలికున్న గొలుసు జారిపోయింది.

“ఏమందే?” అన్నారు. ఆవిడ నన్నలా అడగడం అదే మొదటిసారి.

నాకు చెప్ప బుద్ధి కాలేదు. నా మఫ్లర్ కొసని వేలికి చుట్టుకుని, కనుబొమ ఎత్తి, అచ్చం ఆ హీరోయిన్‌లా ఓరగా చూశాను.

అందరి నవ్వూ ఆగిపోయాక, ఆ హాల్లో పిన్నిగారొక్కరే పగలబడి నవ్వారు.