ఎడమవైపు బిడ్డ

దక్షిణాఫ్రికాలో నల్లా తెల్లా తేడా లేకుండా మొదటిసారి అందరూ కలిసి ఓటేసిన ఎన్నికల మరుసటి ఏడాది. డర్బన్‌లో స్కాన్ చేయించుకుని, ఒక్కదాన్నే మేముండే ఎస్ట్‌కోర్ట్‌కి తిరుగు బస్సెక్కాను. కడుపులో కవలలు. ఇద్దరి ఉమ్మనీరూ వేరువేరుగా కొలిచి, కుడివైపు బిడ్డకి మరీ ఎక్కువగా ఉందని, ఎడమవైపు బిడ్డకి దాదాపు లేదని చెప్పారు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పుకుని ఏడవడానికి ఇంకెవరూ లేరు.

పక్క సీట్లో, డర్బన్‌లో పాతకాలపు తెలుగువాళ్లుండే మెరీబ్యాంక్ నుంచి వస్తున్న పెద్దావిడ. నా నల్లపూసలు చూసి "తెలుగా?" అంది. సంచిలోంచి ఒక అరటిపండు తీసిచ్చింది. జంటపండు! కవలలు పుడతారని మా అమ్మ ఎన్నడూ తిననిచ్చేది కాదు. నా చెయ్యి వెనక్కి పోయింది. ఆవిడ నా పొట్ట చూసి, "ఇద్దరా?" అంది. తలూపాను.

"వచ్చేసినారు కదా, ఇంకేం భయం? తిను," అని నవ్వింది.

నవ్వబోయి ఏడ్చేశాను. నీళ్ల సంగతంతా చెప్పేశాను.

ఆవిడ దేవుణ్ణి తలవలేదు, సలహా ఇవ్వలేదు. "ఏ సైడు తక్కువ?" అంది. చూపించాను. అక్కడ అరచెయ్యి ఆనించి, "ఏం బంగారూ, బాగున్నావా?" అని పలకరించింది. దారిలో మారిట్స్‌బర్గ్‌లో తను దిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఎడమవైపు బిడ్డ దక్కలేదు. కుడివైపు వాడికి ఇప్పుడు గడ్డాలొచ్చాయి.

ఆ రోజుల్లో అందరూ నన్ను నీళ్లెంత ఉన్నాయనే అడిగేవాళ్లు. బిడ్డని బాగున్నావా అని అడిగింది ఆవిడొక్కతే.