నాలుగో ప్రశ్నకు జవాబు

మా చెల్లెల్ని పిల్లలు "వేలు టీచర్" అంటారు. బోర్డు పరీక్షలో ఒక కథ ఇచ్చి, దాని మీద ప్రశ్నలు అడుగుతారు కదా, ఆ భాగం నేర్పడమే దాని పని. సైకిల్ షాపు మీద ఒకే గది, ఇరవై రెండు కుర్చీలు. ఎవరు ఏ జవాబు చెప్పినా, "ఏ వాక్యం చెప్పిందిరా నీకు? వేలు పెట్టు" అంటుంది. వేలు పెట్టలేకపోతే జవాబు ఒప్పయినా సున్నాయే.

కథలు కూడా అదే రాసుకుంటుంది. పుస్తకాల్లోవి పిల్లలు బట్టీ కొట్టేస్తారట. అందుకని చుట్టాలందరినీ కథల్లోకి ఎక్కించేసింది. కొత్త చెప్పులు కరుస్తున్నా కరవట్లేదని బుకాయిస్తూ మా ఆయన ఒక పెళ్లంతా తిరిగిన సంగతి మీద ఐదు ప్రశ్నలు వేసింది. తన మీద రాసిన కథకు తానే జవాబులు రాస్తే ఆయనకు రెండు తప్పొచ్చాయి. ఆ కాగితం ఇప్పటికీ ఎక్కడో దాచారు.

మొన్న మా అమ్మాయి తెచ్చిన కాగితంలో నేనున్నాను. తరగతి ప్రారంభించిన రోజు చెల్లెలు అందరికీ కృతజ్ఞతలు చెబుతుంటే, అక్క మధ్యలో లేచి వెళ్లిపోయిందట. నాలుగో ప్రశ్న: అక్క ఎందుకు వెళ్లిపోయింది? ఎ) అసూయ, బి) పొగరు, సి) ఇంట్లో పని, డి) కథలో చెప్పలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు మొదలు రెండేళ్లుగా మా మధ్య ముక్తసరి మాటలే. పిల్లను పంపుతాను గానీ ఆ మెట్లు ఎక్కను. అయినా నా గురించి అది ఏ అక్షరం దగ్గర టిక్కు పెట్టుకుందో తెలుసుకోవాలి. జవాబులు మర్నాడు గానీ చెప్పదు.

"నువ్వేం పెట్టావే?" అన్నాను.

"పొగరు" అంది మా అమ్మాయి. కథలో పేర్లు లేవు, ఆ అక్క నేనేనని దానికి తెలియదు. ఆ రోజు అది బళ్లో ఉంది.

"నీ మొహం" అన్నాను.

మర్నాడు సాయంత్రం దాన్ని గుమ్మంలోనే పట్టుకున్నాను.

"డి అమ్మా. క్లాసంతా తప్పే. పొగరన్న వాళ్లనీ అసూయన్న వాళ్లనీ వేలు పెట్టమంది పిన్ని. ఎవరికీ వాక్యం దొరకలేదు. కథలో లేనిది మనం ఊహించి ఆవిడ మీద రుద్దకూడదట. ఆవిడే చెప్పాలట."

చెప్పులేసుకుని బయల్దేరాను. రెండో బ్యాచి రావడానికి ఇంకా పావుగంట ఉంది. చెల్లెలు ఒక్కతే కుర్చీలు సర్దుతోంది.

"ఆ రోజు హెడ్మాస్టారి పేరు చెప్పావు. కింద సైకిల్ షాపాయన పేరూ చెప్పావు. అక్షరాల కింద వేలు పెట్టించి నీకు చదవడం నేర్పింది నేను కాదా? నా పేరు రాలేదు. ఏడుపొచ్చి లేచి వచ్చేశాను" అన్నాను. చెప్పేశాక సిగ్గేసింది.

అది కుర్చీలో కూలబడింది.

"నీది ఆఖర్న చెబుదామని దాచుకున్నానక్కా. తీరా చెప్పబోయి తలెత్తేసరికి నువ్వు మెట్లు దిగుతున్నావు."

ఇంకొక్క నిమిషం కూర్చోలేకపోయానే అని రెండేళ్లకీ కలిపి ఏడ్చాను. అదీ ఏడ్చింది.

"ఇప్పుడు చెప్పు మరి" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

రెండో బ్యాచి పిల్లలంతా వచ్చి కూర్చున్నాక చెప్పింది. నేను ఎవరికీ మొహం చూపించలేక, అటు తిరిగి, శుభ్రంగా ఉన్న బోర్డునే తుడుస్తూ నిలబడ్డాను.