పది పురుగుల పరీక్ష

పుంగనూరు దగ్గర మా పల్లెలో పట్టుపురుగులు మేపే ఇళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఆకు మీద అనుమానం వస్తే, పది పురుగులను చేటలో వేరుగా వేసి ముందు వాటికి పెట్టి చూసేవాళ్లు. అవి బాగుంటేనే తట్టల్లోని మిగతా పురుగులకు వేసేవాళ్లు.

తొంభైల చివర నేను మదనపల్లె కాలేజీలో చదివేదాన్ని. నాయన కుప్పం నుంచి చిన్నపురుగులు తెచ్చిన రోజు మొదలు పట్టుగూళ్లు అమ్మేదాకా ఇంట్లో దోమలచుట్ట వెలిగేది కాదు, ఊదుబత్తి ముట్టించేవాళ్లం కాదు, పౌడరు కూడా రాసుకోనిచ్చేవాడు కాదు. ఏ వాసనా పురుగుకు పడదు. ఆ మూడు నాలుగు వారాలు అమ్మకు ఆయాసం తగ్గేది. "ఈ రోజు అమ్మ మాత్ర వేసుకోలేదు" అనే మాట నా డైరీలో ఆ వారాల్లోనే ఉండేది. కారణం ఊహించాను గానీ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నేను నోరు తెరవడం తక్కువ.

మల్బరీ తోటను ఆనుకునే మా టమోటా మడి. ఒక రోజు పొద్దున నాయన టమోటాకు మందు కొడుతుంటే, అమ్మ గట్టు పక్క సాళ్లలో ఆకు కోసుకొచ్చింది. సెలవు కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. పురుగులకు నాలుగో జ్వరం, అంటే కదలకుండా పడుండి చివరిసారి పొర విడిచే దశ, దాటింది. తెగ తినే దశ.

నాయన వస్తూనే మోపు చూశాడు. "గట్టున యాల కోసినావు? గాలి అటే కొట్టింది!"

"పురుగులు తలకాయలెత్తి సూస్తాండాయి. నీ మందు అయ్యేదాకా ఉపాసముండాల్నా అవి?"

"ఉంటాయిలే, ఏకాదశి అనుకుంటాయి" అని చేట అందుకున్నాడు.

పది పురుగులు, నాలుగు ఆకులు. ఆయన గొంతుకూర్చుని చేటలోకి వంగాడు. అమ్మ గడపకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి కూర్చుంది. కాసేపటికి ఆమె రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి.

"గలాటా చేయొద్దండి" అన్నాడు నాయన, తల తిప్పకుండానే.

ఒక పురుగు తల పైకెత్తి అటూ ఇటూ ఆడించింది. నోటి నుంచి పచ్చటి నీళ్లు కారాయి. తర్వాత ఇంకొకటి. నాలుగోది మెలికలు తిరిగింది.

"బతికిపోయినాం! తట్టలకు ఎయ్యలేదు!" నాయన తొడ చరిచాడు.

అమ్మ ఏదో అనబోయింది. మాట రాలేదు. పెదాలు నల్లబడుతున్నాయి.

"నాయనా, అమ్మను సూడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ ఆకులోనే గంటసేపు ఉండింది. పురుగులకైతే పరీక్ష పెట్టినావు. అమ్మకు పెట్టినావా?"

ఆయన అప్పుడు చూశాడు.

పాలవ్యానులో మదనపల్లె ఆసుపత్రికి చేరేదాకా అమ్మ ఒక్కో ఊపిరినీ లాక్కుంటుంటే నేను ఆమె వీపు మీద చెయ్యి తీయలేదు. మాస్కు పెట్టి మందుగాలి పట్టించారు. నాయన మంచం దగ్గరికి రాబోతే నర్సు అడ్డుపడింది.

"మందు కొట్టిన చొక్కానా? దాంతో రావద్దప్పా, మళ్లీ పట్టుకుంటాది ఆమెకు."

ఆయన చొక్కా విప్పి బయట పడేసి, కొళాయి కింద మోచేతుల దాకా రుద్దుకున్నాడు. బనియనుతోనే సాయంత్రం దాకా తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి గానీ అమ్మ ఊపిరి చప్పుడు లేకుండా ఆడలేదు.

మరుసటి పంటకు గట్టు పక్క టమోటా తీసేసి, మందు కొట్టే పని లేని రాగులు వేశాడు. "ధర ఉన్నప్పుడు రాగులా! సంగటి పిచ్చి పట్టినాదా అప్పా?" అని ఊళ్లో ఎగతాళి చేశారు. మందుడబ్బాలు నడింట్లోంచి పొలం కొట్టంలోకి పోయాయి. దోమలచుట్ట మానేసి దోమతెర కట్టాం.

అమ్మకు జబ్బు పూర్తిగా పోయిందని రాయలేను. ఆ చలికాలం రెండుసార్లు ఆయాసం వచ్చింది. రెండోసారి పక్కింటివాళ్లు పెరట్లో చెత్త, ప్లాస్టిక్ కవర్లు తగలబెడుతున్నారు. నాకంటే ముందే నాయన పసిగట్టి గోడ దగ్గరికి పరిగెత్తాడు.

"ఆ మంట ఆర్పప్పా!"

"పురుగులు తెచ్చినారా ఏంది?"

"పురుగుల్లేవు. మనిషుండాది."