గంప అడ్డం పెడితే ఆగని గ్రహణం

ఆ రోజుల్లో గ్రహణమంటే ఊరంతా తలుపులు మూసుకునేది. ఇప్పుడు మా దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్‌లో పిల్లలు టెర్రస్ మీదికి పరుగెత్తుతారు. రెండూ చూసినదాన్ని. తేదీల దగ్గర నాకు కాస్త పట్టింపు (మా వాళ్లు చాదస్తం అంటారు) కాబట్టి ముందే చెప్పేస్తాను: ఇది 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం సంగతి. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం, లెక్కల గ్రూపు. లోకంలో నాకు తెలియనిది లేదు.

ఇప్పుడు ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ ఉన్న వైపే మా పెంకుటిల్లు. వదినకు ఎనిమిదో నెల. అంతకుముందు కడుపు నిలవలేదు. అందుకే నానమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టి, వదినను నడింట్లో చాప మీద పడుకోబెట్టి, "కదలొద్దు, గోకొద్దు, గ్రహణం ఇడిసేదాక మంచినీళ్లు గూడ ముట్టొద్దు" అంది. "నానమ్మా, అది ఉత్త చంద్రుడి నీడ, నీళ్లు తాగితే ఏం గాదు" అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "గవన్నీ నీ కాలేజీల చెప్పుకో పో. గీడ నేను చెప్పిందే!"

మూసిన ఇంట్లో ఒకటే ఉక్క. పెదవులు ఎండిపోయిన వదిన, "ఇంకెంతసేపు పిల్లా?" అని అడిగింది. గడియారం చూసి "గంటన్నర" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. (సరైన లెక్క చెప్పడం అన్నిసార్లూ సాయం కాదని నాకింకా తెలియదు.)

అంతలో, కోతులు పెంకులు జరిపిన చోటు నుంచి పెద్ద వెలుగు మచ్చ వదిన పక్కనే పడింది. "అరేయ్, గా సందు మూయిరా జల్ది!" అని నానమ్మ కేక. అన్న స్టూలెక్కి, చేతికందిన పాత వెదురు గంపను ఆ సందుకు అడ్డం పెట్టాడు. మచ్చ పోయింది. కానీ గంప అల్లికలోని ప్రతి చిల్లులోంచీ గ్రహణం పట్టిన సూర్యుడు ఒక్కొక్కడు దిగాడు! పావలా బిళ్లంత నెలవంకలు, వదిన చీర మీద, చేతుల మీద, కడుపు మీద. చిన్న చిల్లులోంచి సూర్యుడి బొమ్మే పడుతుందని నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. అయినా "వదినా, కదలకు!" అని అందరికన్నా ముందు అరిచింది నేనే. నానమ్మ కొంగుతో వాటిని తుడవబోతే అవి ఆమె ముంజేతి మీదికెక్కాయి. అన్న స్టూలు మీద సర్దుకోబోయి గంప ఊగితే, నెలవంకలన్నీ వదిన కడుపు మీద ఊరేగాయి.

వదిన ఆపుకోలేక నవ్వేసింది. "అవ్వా, నేనైతే కదలకపోతి. గ్రహణమే నా తానికొచ్చె. ఇగ నన్నెట్ల దాస్తవ్?"

తుడుస్తున్న నానమ్మ చెయ్యి కడుపు మీద ఆగింది. లోపలి నుంచి బిడ్డ తన్నింది. నానమ్మ కాసేపు ఆ చెయ్యి తీయలేదు. తర్వాత మా మీద విరుచుకుపడింది. "పిల్ల నోరెండుకపోతాంది, ఏం చూస్తున్రు?" నేను కదిలేలోపు తానే లేచి చెంబు తెచ్చింది. నీళ్లలో వేసిన దర్భపోచ తీసి పక్కన పెట్టి, వదిన తల ఒళ్లోకి తీసుకుని తాగించింది. "ఏమన్నయితే నా మీదికే రానీ" అని కప్పు వైపు చూసి అంది. 

నెల తిరగకుండా మేనకోడలు పుట్టింది. వేళ్లు ఇరవై. నేనే లెక్కపెట్టాను, రెండుసార్లు (సైన్సు చదివినదాన్ని కదా). ఇప్పుడు ఆ మేనకోడలే ఫోన్ చేసి, "అత్తా, మళ్లా గ్రహణం ఎప్పుడు?" అని అడుగుతుంది. 2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మన ఊళ్లో సూర్యుడు ఒక అంచు తగ్గి కనిపిస్తాడు, నేరుగా చూడొద్దు. 2028 డిసెంబర్ 31 రాత్రి చంద్రుడు పూర్తిగా ఎర్రబడతాడు. ఆయన్ను ఎంతసేపైనా చూడొచ్చు. ఇవన్నీ గడగడా చెబుతుంటే, అన్నీ తెలిసిన ఆ డిగ్రీ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. నీళ్లు తాగితే ఏమీ కాదని తెలిసి కూడా నేను చెంబు ముట్టుకోలేదు. ఏదో అవుతుందని గట్టిగా నమ్మి కూడా నానమ్మ తాగించింది. ఆ ఒక్క లెక్క మాత్రం ఎన్నిసార్లు వేసినా, నానమ్మకే ఎక్కువ మార్కులు పడుతున్నాయి.